బెల్టు ఏ పుల్లీ మీద ఉంది?

ఉదయం ఆరున్నర. తిరువూరు పోలీస్ స్టేషన్.

ఎస్.ఐ. కాశీవిశ్వనాథం టీ గ్లాసు ఇంకా పెదాలకి తాకించనే లేదు. గుమ్మంలో ఒక ముసలాయన రొప్పుతూ నిలబడ్డాడు. పంచె ఎగ్గట్టి ఉంది. కాళ్ళకి చెప్పుల్లేవు.

"మా మిల్లులో... మొహిద్దీన్... పోయాడు బాబూ!"

ఆయన బసవపున్నయ్య. సీతామహాలక్ష్మి గారి వేరుశనగ నూనె మిల్లులో గుమాస్తా. మొహిద్దీన్ అదే మిల్లులో ఇంజను డ్రైవరు.

టీ అక్కడే చల్లారిపోయింది. జీపులో పెట్రోలు లేదు. ఆ ఏడాది, అంటే 1974లో, ఎవడి జీపులో ఉంది గనక? ఎస్.ఐ. సైకిలెక్కాడు. వెనకాల హెడ్ కానిస్టేబుల్ ఇంకో సైకిలెక్కి, ఆ పొద్దున పూట దేవుణ్ణీ డిపార్టుమెంటునీ కలిపి తిట్టుకుంటూ తొక్కాడు.

ఇంజను గదిలో మొహిద్దీన్ పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. కణత మీద దెబ్బ. రక్తం ఎప్పుడో గడ్డకట్టింది. చేతికందే దూరంలో ఇంజను తిప్పే ఇనప హ్యాండిలు. దాని కొసన కూడా రక్తం.

కాశీవిశ్వనాథం ఇంజను మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది.

"నిన్న సాయంత్రం మిల్లు ఎన్నింటికి కట్టేశారు?"

"కట్టెయ్యడమేంటి బాబూ, ఇంకా తెరవందే! ఇవాళేగా సీజను మొదటి ఆట, కొత్త కాయలు గానుగల్లో పోసేది. నిన్న ఇంజను తుడుచుకుంటానని తనొక్కడే ఉండిపోయాడు. నేను ఆరింటికి ఇంటికెళ్ళాను."

"తలుపు?"

"పొద్దున నేనొచ్చేసరికి దగ్గరగా వేసి ఉంది."

హెడ్డు అప్పటికే తేల్చేశాడు. "స్టార్టు చేస్తుంటే హ్యాండిలు ఎదురు తన్నింది సార్. ఈ పాత ఇంజన్లతో ఇదే గోల. క్లియర్ యాక్సిడెంట్."

కావచ్చు. ఎస్.ఐ. మాత్రం కాగితం తీసి గది బొమ్మ గీసుకున్నాడు. అది ఆయన అలవాటు. ఇంజను ఇక్కడ. శవం ఇక్కడ. ఇంజను నుంచి గానుగల ఇరుసు దాకా పొడవాటి తోలు బెల్టు. ఇరుసు మీద పక్కపక్కనే రెండు పుల్లీలు. బెల్టు కుడివైపు దాని మీద ఉంది. బెల్టును అటూ ఇటూ జరపడానికి ఒక పొడుగాటి కర్ర. దాని పిడి నిండా నల్లటి జిడ్డు. జిడ్డు మధ్య బెత్తెడు మేర మాత్రం ఎవరో తుడిచినట్టు శుభ్రంగా ఉంది.

ఆయనకి మిల్లుల సంగతి ఏమీ తెలియదు. తెలియని దాన్ని కూడా ఉన్నదున్నట్టు గీసుకున్నాడు.

బయట జనం పోగయ్యారు. సమ్మెటలు ఆగిపోయాయి. రంపం ఆగిపోయింది.

ఆ దొడ్డి సంగతి చెప్పకపోతే ఈ కేసు ఎవరికీ అర్థం కాదు. ఎ.కొండూరు రోడ్డులో ఉన్న ఆ స్థలాన్ని మిల్లుల దొడ్డి అంటారు. నూనె మిల్లు చుట్టూ, మిల్లు భూమిలోనే అద్దెకున్న షెడ్లు. లారీ బాడీలు కట్టేవాళ్ళు, బండిచక్రాలకి పట్టాలు తొడిగేవాళ్ళు, లేతు మిషను వాళ్ళు, కోత మిషను వాళ్ళు. ముప్ఫై కుటుంబాల పొయ్యి ఆ దొడ్డి మీదే వెలుగుతుంది. ఊళ్ళో సమ్మెట చప్పుడు ఒప్పుకునే చోటు అదొక్కటే. ఆ భూమి పరిశ్రమలకే అని జిల్లా ఆఫీసు ఎప్పుడో గీత గీసింది. ఇళ్ళు కట్టకూడదు, కొట్లు కట్టకూడదు, సినిమా హాలు అసలే కట్టకూడదు.

అయితే ఆ గీతకి ఒక కన్నం ఉంది. దాని గురించి సీతామహాలక్ష్మి గారే చెప్పింది. మిల్లు అరుగు మీద కూర్చుని ఉందావిడ. యాభై దాటిన మనిషి. భర్త పోయిన దగ్గర్నుంచీ మిల్లు ఆవిడే నడుపుతోంది.

"రూల్లో ఏముందో తెలుసా ఎస్.ఐ. గారూ? ఏ కారణం చేతనైనా ఒక పూర్తి సీజను ఇంజను తిరక్కపోతే, వాటాదార్లు ఎవరైనా అర్జీ పెట్టి భూమిని ఇళ్ళ స్థలాలకి మార్చుకోవచ్చు. పోయిన సీజనులో డీజిలు దొరక్క బ్లాకులో కొన్నాను, నా గాజులు దానికే కరిగిపోయాయి. అయినా తిప్పాను."

"వాటాదార్లంటే ఎవరు?"

"నేనూ, మా మరిది రామలింగేశ్వరరావూ."

"ఆయనకి ఇళ్ళ స్థలాలు కావాలా?"

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది.

మరిదిగారు మధ్యాహ్నం పన్నెండింటికి బస్సు దిగి తిన్నగా దొడ్డికొచ్చారు. తెల్లటి పంచె, పట్టు అంచు ఉత్తరీయం. మొహం నిండా విచారం.

"వినగడప వెళ్ళానండి, కాయలు బేరం చెయ్యడానికి. నిన్న మధ్యాహ్నం వెళ్ళి ఇదిగో ఇప్పుడే రావడం. అయ్యో మొహిద్దీన్! ఈ ఇంజను ముసలిది, మూసెయ్యి వదినా అని ఎన్నిసార్లు చెప్పాను!"

"మీకు ఇంజన్ల సంగతి తెలుసా?"

"భలేవారే! ఈ మిల్లు మా నాన్నగారు పెట్టింది. ప్రతి ఏడూ మొదటి ఆటకి కొబ్బరికాయ కొట్టేది నేనే. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను."

ఎస్.ఐ. తలాడించాడు.

సాయంత్రం మొహిద్దీన్‌ని ఖననం చేశారు. డాక్టరు రిపోర్టు కూడా వచ్చింది. హ్యాండిలు దెబ్బే. దానంతటదే తగిలిందో, ఎవరైనా కొట్టారో చెప్పలేనన్నాడు. నిన్న సాయంత్రం ఆరూ ఎనిమిదీ మధ్య ప్రాణం పోయి ఉంటుందన్నాడు.

మర్నాడు ఎస్.ఐ. మొహిద్దీన్ ఇంటికి వెళ్ళాడు. భార్య సుగ్రాబీ ఇద్దత్‌లో ఉంది. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకూడదు, పరాయి మగవాడి కంట పడకూడదు. గుమ్మానికి కట్టిన పరదా వెనక నుంచే మాట్లాడింది.

"మీ ఆయనకి శత్రువులెవరైనా ఉన్నారా అమ్మా?"

"ఆయనకి నేనూ ఇంజనూ తప్ప ఇంకెవరున్నారు సార్? ఇరవై ఏళ్ళు దాంతో కాపురం చేశాడు. నాతో కంటే ఎక్కువ. ఒక్కనాడు హ్యాండిలు తన్నించుకోలేదు. ఇప్పుడు ఊరంతా ఏమంటున్నారో తెలుసా? మొహిద్దీన్‌కి చేతకాక చచ్చాడంట!"

పరదా కదిలింది. ఏడుపు వినపడలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది కాశీవిశ్వనాథానికి.

"నాకు ఇంకేం వద్దు సార్. ఆయన చేతకానివాడు కాదని రాయండి. అంతే."

బయటికి రాగానే నబీ ఎదురొచ్చాడు. మొహిద్దీన్ తమ్ముడు. దొడ్డిలో లేతు మిషను అతనిదే. ఎస్.ఐ.ని పక్కకి పిలిచాడు.

"సార్, మీకు దణ్ణం పెడతా. యాక్సిడెంటని రాసెయ్యండి."

"ఎందుకు?"

"వేరే డ్రైవర్ని వెతుక్కుంటాం. వచ్చే వారానికల్లా ఇంజను తిప్పుకుంటాం. కేసంటే మీరు గది మూసేస్తారు. సీజను పోతుంది. సీజను పోతే దొడ్డి పోతుంది. అన్న ఎలాగూ రాడు గదా సార్!"

"నీ అన్నని ఎవరో చంపి ఉంటే?"

నబీ మొహం తిప్పేసుకున్నాడు. చెంపలు తడిసిపోయాయి.

"నేను తమ్ముణ్ణే సార్. రాయిని కాదు. కానీ షెడ్లలో ముప్ఫై కొంపలున్నాయి."

హెడ్డుకి మంచి అనుమానం దొరికింది. "వీణ్ణి లోపలెయ్యండి సార్. అన్న చస్తే యాక్సిడెంటని రాయమంటాడా? ఎక్కడో తేడా ఉంది."

"ఉంది," అన్నాడు ఎస్.ఐ. "అయితే తేడా ఎక్కడుందో చూడాలంటే ఇంజను ఎలా స్టార్టు చేస్తారో ముందు నేను చూడాలి."

సర్కిల్ గారిని బతిమాలి పెట్రోలు సంపాదించాడు. పెనుగొలనులో బియ్యం మిల్లు ఉంది. ఇంజను అచ్చం అలాంటిదే. పొద్దున్నే వెళ్ళి, ఒక మూల నిలబడి, డ్రైవరు చేసే ప్రతి పనీ చూశాడు. జేబులోంచి తను గీసిన బొమ్మ తీసి చూసుకున్నాడు. బెల్టు గీసిన చోట వేలు ఆపాడు.

తిరిగొచ్చి హెడ్డుకి ఒక పని చెప్పాడు. "చాకలి చిట్టెమ్మ దగ్గరికెళ్ళు. ఊళ్ళో పెద్దిళ్ళ బట్టలన్నీ ఆమే ఉతుకుతుంది కదా? ఒక సంగతి కనుక్కురా."

హెడ్డు కనుక్కొచ్చాడు. ఈసారి యాక్సిడెంటనలేదు.

ఆదివారం. పెనుగొలను బియ్యం మిల్లుకి సెలవు. ఉదయం పది గంటలకి జీపు అక్కడ ఆగింది. సీతామహాలక్ష్మి, రామలింగేశ్వరరావు, బసవపున్నయ్య, నబీ దిగారు. ఒకరినొకరు తేరిపార చూసుకుంటూ వరండాలో కూర్చున్నారు.

"ఒక చిన్న పని," అన్నాడు ఎస్.ఐ. "ఒక్కొక్కరే లోపలికి రండి. ఇంజను స్టార్టు చెయ్యబోతున్నాం. ముందు అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసి చెప్పాలి. అంతే."

నబీ వెళ్ళాడు. ఒక్క చూపు చూశాడు. "అన్నీ సరిగ్గానే ఉన్నాయి సార్."

బసవపున్నయ్య వెళ్ళాడు. కళ్ళజోడు సర్దుకుని ఇంజను చుట్టూ తిరిగాడు. "నిక్షేపంలా ఉంది బాబూ. తిప్పుకోవడమే."

సీతామహాలక్ష్మి గారు గుమ్మంలో నుంచే చెప్పింది. "నేనెప్పుడూ స్టార్టు చెయ్యడం చూడలేదు బాబూ. ఆ వేళకి దీపం పెట్టుకుంటూ ఉంటాను. ఏది ఎలా ఉండాలో నాకు తెలియదు."

చివరికి రామలింగేశ్వరరావు. నవ్వుకుంటూ వచ్చారు. ఇంజను చూశారు. బెల్టు చూశారు. నాలుక చప్పరించారు.

"ఇదేంటండీ, బెల్టు పక్కకి జారిపోయింది! వీళ్ళెవరూ చూసుకోలేదా?"

"అలాగా? కాస్త సరిచెయ్యండి."

ఆయన ఉత్తరీయం కొస చేతికి చుట్టుకున్నారు. జిడ్డు పిడిని ఆ గుడ్డతో పట్టుకున్నారు. కర్రని ఒక్క తోపు తోశారు. బెల్టు ఎడమ పుల్లీ మీద నుంచి కుడి పుల్లీ మీదకి జరిగింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది," అని వెనక్కి తిరిగారు.

గుమ్మంలో నబీ నిలబడి ఉన్నాడు. పక్కన బసవపున్నయ్య. ఇద్దరి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు.

"ఏంటి?" అన్నారాయన. "ఏమైంది?"

కాశీవిశ్వనాథం తొందరపడలేదు.

"ఎడమ దాన్ని లూజు పుల్లీ అంటారు రామలింగేశ్వరరావు గారూ. అది ఊరికే తిరుగుతుంది. కుడి దాన్ని టైటు పుల్లీ అంటారు. అది గానుగల్ని తిప్పుతుంది. స్టార్టు చేసేటప్పుడు ఏ డ్రైవరైనా బెల్టుని లూజు మీదే ఉంచుతాడు. ఇంజను అందుకున్నాకే టైటు మీదకి జరుపుతాడు. లేకపోతే మిల్లు బరువంతా హ్యాండిలు మీద పడుతుంది, ఎవడి తరమూ కాదు. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికి కూడా ఇది తెలుసు."

"అయితే?"

"మొహిద్దీన్ శవం దొరికిన రోజు బెల్టు టైటు మీద ఉంది. ఇరవై ఏళ్ళ డ్రైవరు ఆ పని చెయ్యడు. అక్కడి పనివాడెవడూ చెయ్యడు. ఎవరు చేస్తారు? మిల్లు తిరుగుతుండగా మాత్రమే చూసినవాడు చేస్తాడు. తిరిగే మిల్లులో బెల్టు ఎప్పుడూ టైటు మీదే కనపడుతుంది కదా! మీరు ప్రతి ఏడూ కొబ్బరికాయ కొట్టడానికి వచ్చేది ఇంజను అందుకున్నాక. అంతకుముందు ఏం జరుగుతుందో మీరెన్నడూ చూడలేదు."

రామలింగేశ్వరరావు నవ్వబోయారు. నవ్వు రాలేదు.

"ఆ సాయంత్రం మీరు ఇంజను పాడుచెయ్యమని అడగడానికి వచ్చారు. మొహిద్దీన్ ఒప్పుకోలేదు. మీ చేతికి హ్యాండిలు దొరికింది. తర్వాత చూస్తే బెల్టు పక్క పుల్లీ మీద ఉంది. అలా ఉంటే స్టార్టు చేస్తూ పోయాడని ఎవరూ నమ్మరని భయపడ్డారు. 'సరిచేశారు'. ఇప్పుడు చేసినట్టే."

"నేను వినగడపలో ఉన్నాను! మర్నాడు పన్నెండింటికి బస్సు దిగానని మీకే చెప్పాను!"

"చిట్టెమ్మా!"

హెడ్డు ముందే తెచ్చి మిల్లు వెనక కూర్చోబెట్టిన చిట్టెమ్మ వచ్చింది. చేతిలో పట్టు అంచు ఉత్తరీయం. ఒక కొసన నల్లటి జిడ్డు.

"ఇది నీకెప్పుడు దొరికింది?"

"మొహిద్దీన్ శవం దొరికిన రోజే అయ్యగారూ. పొద్దున్నే రేవుకెళ్తా వాళ్ళింట్లో మూట తీసుకున్నా. ముందురోజు మాపటేళ ఉతికిచ్చిందే మళ్ళీ అందులో ఉంది. బండకేసి బాదినా మరక పోలా."

"పొద్దున్నే. ఈయన వినగడప నుంచి ఇంకా రాకముందే!" అన్నాడు ఎస్.ఐ.

అంతే. రామలింగేశ్వరరావు బియ్యం బస్తా మీద కూలబడ్డారు. నబీ ఒక్క దూకు దూకాడు. హెడ్డు పట్టుకోకపోతే ఏమయ్యేదో. సీతామహాలక్ష్మి గారు మాత్రం మరిది వైపు చూడలేదు. ఎస్.ఐ. వైపే చూస్తోంది.

"బాబూ," అంది చివరికి, "ఇప్పుడు నా ఇంజను?"

డిటెక్టివ్ కథ ఇక్కడ ఆగాలి. ఆగితే ఎంత బాగుండేది!

కాశీవిశ్వనాథం వారంలో పంచనామా పూర్తి చేసి గది తెరిచి ఇద్దామనుకున్నాడు. నబీ అప్పటికే మైలవరం నుంచి కొత్త డ్రైవర్ని మాట్లాడుకొచ్చాడు. ఇంతలో ముద్దాయి తరఫు ప్లీడరు కోర్టులో పిటిషను పడేశాడు. కేసంతా బెల్టు మీద నడుస్తోంది, కాబట్టి విచారణ అయ్యేదాకా ఇంజనునీ బెల్టునీ ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. పోలీసులు సాక్ష్యం మార్చేస్తారని భయమట. పిటిషన్లో తప్పు పట్టడానికేం లేదు. కోర్టు సరేనంది. గది తలుపుకి లక్క సీలు వేసింది మళ్ళీ కాశీవిశ్వనాథమే.

విచారణ వాయిదా పడింది. మళ్ళీ పడింది. రామలింగేశ్వరరావు బెయిలు మీద బయటికొచ్చారు. సంక్రాంతి వెళ్ళింది. మిరప కోతలు మొదలయ్యాయి. వేరుశనగ కాయలు లారీలెక్కి వేరే ఊళ్ళకి పోయాయి. సీజను ముగిసింది. ఆ వారంలోనే అర్జీ పడింది.

ఎస్.ఐ. సెలవు పెట్టి మరీ జిల్లా ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడి అధికారి మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు.

"మిల్లు వాళ్ళు ఆపింది కాదు సార్. పోలీసు సీలు వల్ల ఆగింది. అర్జీదారే హత్య కేసులో ముద్దాయి!"

"ముద్దాయేగా, శిక్ష పడలేదుగా? రూల్లో 'ఏ కారణం చేతనైనా' అని ఉందండీ. పోలీసు సీలు కూడా కారణమే కదా? పరిశ్రమల భూమి పోకూడదనే నాకూ ఉంది. నా చేతిలో లేదు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. అబద్ధం చెప్పేవాడైతే కనీసం వాదించొచ్చు.

ఆలోచిస్తే నవ్వొస్తుంది. నబీ చెప్పినట్టు యాక్సిడెంటని రాసుంటే వారం తిరక్కుండా ఇంజను తిరిగేది. రామలింగేశ్వరరావుకి హత్య వల్ల రాని భూమి, పట్టుబడడం వల్ల వచ్చింది. పట్టించింది తను. ఇంత తెలివి తనకెందుకు ఏడ్చింది?

ఇద్దత్ ముగిసిన మర్నాడు సుగ్రాబీ స్టేషన్‌కి వచ్చింది. కాశీవిశ్వనాథం ఆమె మొహం చూడడం అదే మొదటిసారి. నల్ల బురఖా ముసుగు వెనక్కి వేసుకుని నిలబడింది. బాగా చిక్కిపోయింది.

"దొడ్డికెళ్ళాలి సార్. ఒక్కసారి ఆ గది చూస్తాను."

ఇద్దరూ నడిచే వెళ్ళారు. లారీ బాడీ షెడ్డు విప్పేశారు. చక్రాల షెడ్డు దగ్గర బొగ్గు మసి తప్ప ఏమీ లేదు. నబీ లేతు మిషను అమ్మేసి విజయవాడలో ఎవరి దగ్గరో కూలికి చేరాడట.

"నబీ వచ్చి వెళ్తున్నాడా?"

"రాడు సార్. నాతో మాట్లాడడు. నిజం కావాలని అడిగింది నేనేగా? నీ మొగుడి పేరు కోసం ముప్ఫై కొంపలు ఆర్పావు వదినా అన్నాడు. పోయాడు."

కాశీవిశ్వనాథం కొంచెం దూరం నడిచాక అన్నాడు.

"మీరడగకపోయినా నేను రాసేవాణ్ణే అమ్మా. అది నా పని."

"నాకు తెలుసు సార్. అతనికి చెప్పినా వినడు."

ఇంజను గది తలుపుకి సీలు అలాగే ఉంది. పక్కన చిన్న కిటికీ. సుగ్రాబీ చువ్వలు పట్టుకుని లోపలికి చూసింది. ఇంజను మీద దుమ్ము పేరుకుంది. చాలాసేపు చూసింది.

"సార్."

"చెప్పండమ్మా."

"బెల్టు ఇంకా టైటు మీదే ఉంది."

"కోర్టువారి ఆర్డరు. ముట్టుకోకూడదు."

"ఆ పుల్లీ మీద బిగువుగా ఉంచితే తోలు సాగిపోతుంది సార్. పని అయిపోగానే లూజు మీదకి జరిపి గానీ ఇంటికొచ్చేవాడు కాదు. ఎప్పుడన్నా మర్చిపోతే అన్నం ముందు నుంచి లేచి వెళ్ళేవాడు." ఆమె ఇటు తిరిగింది. "ఒక్కసారి జరపండి సార్. మళ్ళీ సీలు వేసుకోండి."

కాశీవిశ్వనాథం సీలు వంక చూశాడు. దాని మీద ఉన్న ముద్ర తన స్టేషనుదే. ఆయన చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు.

"కుదరదమ్మా."

ఆమె సరేనని తలూపింది. కిటికీ దగ్గర్నుంచి మాత్రం కదల్లేదు. వాళ్ళ వెనక ఇద్దరు కూలీలు ప్లాట్ల హద్దురాళ్ళకి వరసగా సున్నం కొట్టుకుంటూ వస్తున్నారు.